ఫాస్ట్ బ్లేడ్ కొనేముందు: అవుటర్ కార్బనా, ఇన్నర్ కార్బనా, లేదంటే ఏడు ప్లైల చెక్కేనా?

మన తిరుపతి, చిత్తూరు పక్క టీటీ, అంటే టేబుల్ టెన్నిస్, కొంచెం గట్టిగా ఆడేవాళ్ళందరికీ ఏదో ఒక స్టేజ్‌లో వచ్చే అనుమానమే ఇది, బ్యాట్‌లో రబ్బర్ల కింద ఉండే చెక్క, అదే బ్లేడ్, ఫాస్ట్‌ది కొనాలంటే ఏది కొనాలని. టోర్నమెంట్‌లో ఎవడో విస్కారియా అనే కార్బన్ బ్లేడ్ పట్టుకొచ్చి మనల్ని మూడు గేముల్లో కొట్టేసి పోతాడు, ఇంటికొచ్చి ఫోన్‌లో వెతకడం మొదలుపెడతాం, రెండో రోజుకి చేతిలో ఉన్న బ్లేడ్ మీద మనసు విరిగిపోతాది. తర్వాత క్లబ్బులో సీనియర్ ఎవరన్నా కనపడితే చాలు "అన్నా, సూపర్ జడ్‌ఎల్‌సీ బ్లేడ్ తీసుకుంటే ఎట్లుంటాదన్నా" అని.

నా మాట ముందే చెప్పేస్తా. అడ్వాన్స్‌డ్‌గా ఆడేవాళ్ళు ఫాస్ట్ బ్లేడ్ ఎంచుకునేటప్పుడు స్పీడ్ నంబర్ పక్కన పెట్టేయండి, బ్రాండ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు చూడాల్సింది ఫైబర్, అంటే కార్బన్ లాంటి నారతో నేసిన పొర, చెక్కలో యాడ ఉందనేది, దాంతోపాటే మీరు పాయింట్ ఎట్లా గెలుస్తారనేది. ఈ రెండూ తేల్చుకుంటే లిస్టులో ఉన్న పేర్లు సగం వాటంతట అవే ఎగిరిపోతాయి.

స్పీడ్ నంబర్ ఎందుకు వద్దంటున్నానంటే, విస్కారియా చేసే బటర్‌ఫ్లై కంపెనీ వాళ్ళు దానికి రియాక్షన్, అంటే బాల్‌ని తోసే స్పీడ్, 11.8, వైబ్రేషన్, అంటే అదురు, 10.3 అని ఇస్తారు, బాగానే ఉంది, కానీ ఆ లెక్క బటర్‌ఫ్లై బ్లేడ్లని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తాది. స్టిగా వాళ్ళ కొలత వేరు, యసాకా వాళ్ళది వేరు, చైనా కంపెనీలవైతే ఇంకా వేరు. డబ్బా మీద ఆఫ్, అంటే అటాక్ ఆటకి, అని ఉన్నా ఆఫ్ ప్లస్ అని ఉన్నా ఎవరి గ్రేడింగ్ వాళ్ళదే. రెండు కంపెనీల నంబర్లు పక్కపక్కన పెట్టి ఇది ఫాస్ట్ అది స్లో అని వాదించుకోవడం టైమ్ వేస్ట్.

ఇంకో మాట, ఈ రాసేదంతా అడ్వాన్స్‌డ్ వాళ్ళకే. అడ్వాన్స్‌డ్ అంటే ఎన్నేళ్ళు ఆడినారని కాదు, అండర్‌స్పిన్ బాల్, అంటే వెనక్కి తిరుగుతా వచ్చే బాల్, వస్తే దాన్ని ఫోర్‌హ్యాండ్‌తోనూ బ్యాక్‌హ్యాండ్‌తోనూ వరసగా లూప్ చేసి, అంటే పైకి రుద్ది ముందుకు తిప్పి, టేబుల్ మీద వేయగలగడం, నెట్ దగ్గరే పడే షార్ట్ సర్వ్‌ని షార్ట్‌గానే వెనక్కి పెట్టగలగడం, కాళ్ళు కదలడం. ఇవి ఇంకా కుదరకపోతే ఐదు ప్లైల, అంటే ఐదు పొరల, చెక్క బ్లేడ్, స్టిగా ఆల్‌రౌండ్ ఎవల్యూషన్ లాంటిది పట్టుకుని ఇంకొన్నాళ్ళు ఆడండి, డబ్బులు యాడికీ పోవు.

సరే, చెక్క సంగతికొద్దాం. మామూలు కార్బన్ బ్లేడ్‌లో ఐదు చెక్క పొరలు, రెండు ఫైబర్ పొరలు ఉంటాయి, అదే ఫైవ్ ప్లస్ టూ అంటారు. మధ్యలో కోర్, దానికి అటూ ఇటూ ఒక్కో మీడియం పొర, పైన అవుటర్ పొర. ఫైబర్‌ని అవుటర్ పొర కిందనే పెడితే అవుటర్ ఫైబర్, కోర్‌ని ఆనుకుని లోపల పెడితే ఇన్నర్ ఫైబర్. చెక్కలు అవే, ఫైబర్ అదే, చోటు మారితే బ్లేడ్ మొత్తం మారిపోతాది. ఎందుకంటారా, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ బీమ్‌లో కమ్మి నడిమధ్యలో పెట్టడు, అంచుకి దగ్గరగా పెడతాడు, వంగేటప్పుడు లాగుడు అంతా పడేది అంచు మీదనే కాబట్టి. ఇక్కడ కూడా అదే. ఫైబర్ మధ్య నుంచి ఎంత దూరం జరిగితే బ్లేడ్ అంత బిర్రుగా అవుతాది, అందుకే అవుటర్ ఫైబర్ బ్లేడ్ మెల్లిగా తాకినా ఊరుకోదు, బాల్‌ని తోసేస్తాది. ఇన్నర్‌లో అట్లా కాదు, మెల్లిగా ఆడితే పైన ఉన్న చెక్కే పలుకుతాది, గట్టిగా కొడితేనే లోపల కార్బన్ నిద్ర లేస్తాది.

కార్బన్ కార్బన్ అంటాం గానీ ఫైబర్ ఎంతైనా వేసుకోవడానికి లేదు. ఇంటర్నేషనల్ రూల్ ప్రకారం బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం చెక్కే ఉండాలి, ఒక్కో ఫైబర్ పొర మొత్తం మందంలో 7.5 శాతం గానీ 0.35 మిల్లీమీటర్లు గానీ, ఏది తక్కువైతే అది దాటకూడదు. ఆరు మిల్లీమీటర్ల బ్లేడ్‌కి 7.5 శాతం అంటే 0.45, అంటే 0.35 లెక్కే వర్తిస్తాది. కాబట్టి మీరు కొనేది ఎంత ఖరీదైన కార్బన్ బ్లేడ్ అయినా ఎక్కువ భాగం చెక్కే, ఆ చెక్క ఏంటనేది కూడా అంతే ముఖ్యం. పైన కోటో ఉంటే గట్టిగా, టక్కుమని ఉంటాది. లింబా ఉంటే కొంచెం మెత్తన, బాల్ కాసేపు పట్టుకున్నట్టు ఉంటాది. హినోకి వచ్చేసి జపాన్ సైప్రస్ చెక్క, పైకి మెత్తగా ఉండి లోపల స్ప్రింగ్ లాగా తోస్తాది. కోర్‌లో కిరి అయితే బరువు తక్కువ, అయౌస్ అయితే కొంచెం నిండుగా ఉంటాది, బాల్సా అయితే మరీ తేలిక.

అవుటర్ ఫైబర్‌లో అందరికీ తెలిసిన పేరు విస్కారియానే. పైన కోటో, దాని కింద ఆరిలేట్ కార్బన్ అంటే ఏఎల్‌సీ, తర్వాత లింబా, మధ్యలో కిరి. 1990ల నుంచి ఉన్న బ్లేడ్ ఇది, మధ్యలో ఆపేసి మళ్ళీ తెచ్చినారు, చైనా ఛాంపియన్ జాంగ్ జికె పట్టుకున్నాక దీని పేరు ఎక్కడికో పోయింది, ఫాన్ జెన్‌డాంగ్ కూడా ఇదే వాడినాడు. ఆరిలేట్ అనేది అదురుని మింగేస్తాది, కార్బన్ తోస్తాది, రెండూ కలిపి నేసిన బట్ట కాబట్టి ఉత్త కార్బన్ లాగా చెయ్యి జిల్లుమనదు. ఈ బ్లేడ్ గొప్ప ఏందంటే టేబుల్ దగ్గర నిలబడి బాల్ పైకి లేచేటప్పుడే కౌంటర్ చేసేవాళ్ళకి, అంటే ఎదురు కొట్టేవాళ్ళకి, బ్యాట్ అడ్డం పెట్టి బ్లాక్ చేసేవాళ్ళకి, షార్ట్ బాల్‌ని మణికట్టుతో బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్ చేసేవాళ్ళకి చిన్న స్వింగ్‌లోనే స్పీడ్ ఇచ్చేస్తాది. ఎదుటోడు ఎంత గట్టిగా లూప్ చేసినా బ్లేడ్ వణకదు, బాల్ పెట్టిన చోటుకి పోతాది.

ఇక్కడ డబ్బులు మిగిలే ముచ్చట ఒకటుంది. జర్మనీ ప్లేయర్ పేరు మీద బటర్‌ఫ్లై చేసే టిమో బోల్ ఏఎల్‌సీ తీసుకున్నా చెక్కల వరస ఇదే, ఏఎల్‌సీ కూడా అదే చోట. తేడా ఎక్కువగా హ్యాండిల్‌లోనే, టిమో బోల్ హ్యాండిల్ పట్టు వేరు, విస్కారియాది వేరు. కాబట్టి విస్కారియా స్టాక్ లేదనో, రేటు ఎక్కువ చెప్తున్నారనో వెయిట్ చేసేవాళ్ళు టిమో బోల్ హ్యాండిల్ చేతిలో కుదిరితే అదే తీసుకోవచ్చు, ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు. ప్లేయర్ పేరు మారింది గదా అని బ్లేడ్ మారిపోయిందనుకోవడం మనోళ్ళకి బాగా అలవాటు.

అవుటర్‌కి ఉన్న చిక్కు యాడ వస్తాదంటే చిన్న బంతుల్లో. షార్ట్ సర్వ్‌ని టచ్ చేసి వెనక్కి పెట్టేటప్పుడు బాల్ అర జానెడు ఎక్కువ పోతాది, అంటే రెండో బౌన్స్ టేబుల్ మీద పడకుండా ఎడ్జ్ దాటేస్తాది, ఎదుటోడికి అంతకన్నా ఏం కావాలి. స్లో స్పిన్నీ లూప్ వేసేటప్పుడు కూడా అంతే, చెయ్యి కొంచెం అటూ ఇటూ అయితే బాల్ పొడుగు పోతాది. చెయ్యి కుదిరినవాళ్ళకి ఇది సమస్య కాదు, ప్రాక్టీస్ వారానికి రెండు రోజులే అయ్యేవాళ్ళకి మాత్రం మ్యాచ్‌లో టెన్షన్ పడ్డప్పుడు ఇదే బయటపడతాది.

ఇప్పుడు ఇన్నర్. బటర్‌ఫ్లైలో ఇన్నర్‌ఫోర్స్ లేయర్ ఏఎల్‌సీ, చైనా కంపెనీ డీహెచ్‌ఎస్‌లో హరికేన్ లాంగ్ 5, ఈ రెండూ చూడాల్సినవి. రెండిట్లోనూ పైన లింబా, ఏఎల్‌సీ రకం ఫైబర్ కోర్ పక్కన. ఇన్నర్‌ఫోర్స్‌కి కోర్ కిరి, లాంగ్ 5కి అయౌస్, అందుకే లాంగ్ 5 కొంచెం నిండుగా, గట్టిగా లాగేవాళ్ళకి ఇంకా తృప్తిగా ఉంటాది. పేరులోనే ఉంది గదా, మా లాంగ్ అనే చైనా ఛాంపియన్ బ్లేడ్ ఇది. ఇంకో తమాషా, ఇన్నర్‌ఫోర్స్ మందం 6.0 మిల్లీమీటర్లు, విస్కారియా అంతకన్నా పలచన, అయినా చేతిలో మెత్తగా అనిపించేది ఇన్నర్‌ఫోర్సే. మందం చూసి బ్లేడ్ బిర్రుతనం చెప్పేయొచ్చు అనేవాళ్ళకి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇన్నర్ బ్లేడ్‌లో నాకు నచ్చేది దాని రెండు స్వభావాలు. పుష్ చేస్తే, అంటే బాల్ కింద కోసి మెల్లిగా తోస్తే, ఐదు ప్లైల చెక్క లాగా బుద్ధిగా ఉంటాది. అండర్‌స్పిన్ మీద ఓపెనింగ్ లూప్, అంటే అటాక్ మొదలుపెట్టే మొదటి లూప్, వేసేటప్పుడు బాల్ రబ్బరులోకి దిగి, చెక్కలోకి దిగి, అప్పుడు బయటికి వస్తాది, ఆ కొంచెం టైమ్‌లోనే స్పిన్ ఎక్కేది. టేబుల్‌కి ఒక మీటరు వెనక నిలబడి లూప్ మీద లూప్ లాగేవాళ్ళకి ఇది పెట్టింది పేరు. టేబుల్‌ని అంటుకుని బ్లాక్ చేసేవాళ్ళకి మాత్రం కొంచెం బద్ధకంగా అనిపిస్తాది, చెయ్యి ఆపితే బాల్ ఆగిపోతాది, మీరే తోయాలి.

తిరుపతిలో ఎవరన్నా నన్ను అడిగితే పదిమందిలో ఏడుగురికి నేను ఇన్నరే చెప్తా. పొద్దున ఉద్యోగం, సాయంత్రం గంటన్నర ఆట, నెలకో రెండు నెలలకో ఒక టోర్నమెంట్, ఇదీ మన దగ్గర చాలామంది అడ్వాన్స్‌డ్ ప్లేయర్ల బతుకు. వీళ్ళు పాయింట్లు పోగొట్టుకునేది స్పీడ్ చాలక కాదు, సర్వ్ రిసీవ్ చేసేటప్పుడు బాల్ ఎత్తేసి, ఓపెనింగ్ బయటికి కొట్టి. గమనించండి, మీ మ్యాచ్ ఒకటి ఎవరితోనైనా ఫోన్‌లో తీయించుకుని పోగొట్టుకున్న పాయింట్లు మాత్రమే చూడండి. నెట్‌కి తగిలినవి, అందకుండా పోయినవి ఒక పక్క, టేబుల్ దాటి పోయినవి, ఎత్తు లేచి కొట్టించుకున్నవి ఇంకో పక్క రాయండి. రెండోవి ఎక్కువుంటే మీకు ఫాస్ట్ బ్లేడ్ మందు కాదు. మొదటి రకం ఎక్కువుండి, అందులోనూ కౌంటర్‌లో వెనకబడిపోతున్నారంటే అప్పుడు అవుటర్ గురించి ఆలోచించండి.

ఏడు ప్లైల ఉత్త చెక్క గురించి ఎవరూ మాట్లాడరు, నాకైతే అది అన్యాయం అనిపిస్తాది. స్టిగా క్లిపర్ వుడ్ తీసుకోండి, పైన లింబా, మధ్యలో అయౌస్, ఆరున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల మందం, ఫైబర్ ముక్క లేదు. కొట్టుడు ఆటకి, ఫ్లాట్‌గా స్మాష్ చేసేవాళ్ళకి, బ్యాక్‌హ్యాండ్ పక్క షార్ట్ పింపుల్స్, అంటే పొట్టి బొడిపెల రబ్బరు, పెట్టినవాళ్ళకి దీనంత నమ్మకంగా ఉండే బ్లేడ్ తక్కువ. ఎంత బలంగా కొడితే అంత పోతాది, తక్కువ కొడితే తక్కువ పోతాది, లెక్క తేటగా ఉంటాది. విస్కారియాతో పోలిస్తే రేటు సగం లోపే. కష్టం రెండు చోట్ల, ఒకటి బరువు, క్లిపర్‌లో 90 గ్రాములు దాటేవి చాలా వస్తాయి, రెండోది వెనక్కి జరిగి ఆడితే కార్బన్ బ్లేడ్‌లో వచ్చినంత ఉచిత స్పీడ్ రాదు, భుజం వాడాలి. చైనా కంపెనీ సాన్వే వాళ్ళ ఫెక్స్‌ట్రా 7 కూడా ఇదే దారిలోది, ఇంకా చవక.

ఇంక అందరూ అడిగే జడ్‌ఎల్‌సీ, సూపర్ జడ్‌ఎల్‌సీ. జైలాన్ అనే ఫైబర్‌ని కార్బన్‌తో కలిపి నేస్తే జడ్‌ఎల్‌సీ, ఆ నేత ఇంకా చిక్కగా ఉంటే సూపర్. ఏఎల్‌సీ కన్నా తోపు ఎక్కువ, బాల్ బ్లేడ్ మీద నిలబడే టైమ్ తక్కువ. సూపర్‌కైతే ఏఎల్‌సీ బ్లేడ్ రేటుకి దాదాపు రెట్టింపు పెట్టాలి. రోజుకి మూడు నాలుగు గంటలు ఆడే స్టేట్ లెవెల్ పిల్లకాయలు, కోచ్ పక్కనుండి చూసుకునేవాళ్ళు పట్టుకుంటే పట్టుకోనీ. మిగతావాళ్ళకి నేను చెప్పను. క్లబ్బులో చూస్తుంటా గదా, సూపర్ జడ్‌ఎల్‌సీ పట్టుకున్నోళ్ళు మొదటి వారం ర్యాలీలో అదరగొడతారు, ఫోర్‌హ్యాండ్ టు ఫోర్‌హ్యాండ్ ఆడుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు, మ్యాచ్ పెట్టుకుంటే అండర్‌స్పిన్ సర్వ్ దగ్గర చెయ్యి బిగుసుకుపోయి పుష్ మీద పుష్ పెడతా ఉంటారు, లూప్ ఎత్తడానికి భయం. ఫాస్ట్ బ్లేడ్ కొని స్లో ఆట ఆడటం అంటే ఇదే. ఒకవేళ జైలాన్ మీదే మనసు పడితే ఇన్నర్‌ఫోర్స్ లేయర్ జడ్‌ఎల్‌సీ వైపు చూడండి, లోపల ఉండటం వల్ల కొంచెం మాట వింటాది.

హినోకి పైన ఉన్న కార్బన్లు, ప్రిమొరాచ్ కార్బన్, ష్లాగర్ కార్బన్, గరైడియా వరస, ఇవి వేరే లోకం. ఆస్ట్రియా ప్లేయర్ వెర్నర్ ష్లాగర్ 2003లో వరల్డ్ ఛాంపియన్ అయినాడు, ఆయన పేరు మీద వచ్చిన ష్లాగర్ కార్బన్ అప్పట్లో మహా ఫాస్ట్ బ్లేడ్లలో ఒకటి. పాత సీనియర్లు కొంతమంది ఇంకా ఇవే పట్టుకుంటారు, రబ్బరు కింద స్పీడ్ పెంచే జిగురు, అదే స్పీడ్ గ్లూ, పూసుకునే రోజుల నుంచి ఆ చేతులు అట్లా అలవాటు పడినాయి. కొత్తగా కొనేవాళ్ళకి నేను చెప్పే రకం కాదు, హినోకి మెత్తన కాబట్టి టేబుల్‌కి తగిలితే సొట్ట పడిపోతాది కూడా.

చైనా చవక బ్లేడ్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన బడ్జెట్లకి ఇవే దగ్గర. యిన్హె కంపెనీ ప్రో 01 విస్కారియా దారిలో చేసిన అవుటర్ ఏఎల్‌సీ బ్లేడ్, ఆడితే ఆ కుటుంబంలోదే అని తెలుస్తాది, రేటు సగం కన్నా తక్కువ. అవుటర్ మీకు పడుతుందో లేదో తెలియనప్పుడు ముందు దీంతో ఆరునెలలు ఆడి చూడటం తెలివైన పని, పడకపోతే అమ్మేసినా పెద్దగా నష్టం లేదు. యిన్హె టీ 11 ప్లస్ బాల్సా కోర్, చాలా తేలిక, బ్లాక్ ఆటకి బాగుంటాది గానీ గట్టిగా కొడితే లోపల బోలుగా ఉన్నట్టు అనిపిస్తాది, లూపర్లకి వద్దు. వీటిల్లో గమనించాల్సింది ఒక్కటే, పీసుకి పీసుకి బరువులో, హ్యాండిల్ ఫినిషింగ్‌లో తేడాలు వస్తాయి, చూసి తీసుకోవాలి.

రబ్బర్ల మాట ఎత్తకుండా బ్లేడ్ గురించి చెప్పడం సగం చెప్పడమే. మీ ఫోర్‌హ్యాండ్‌కి హరికేన్ 3 లాంటి జిగురు రబ్బరు, గట్టి స్పాంజ్ ఉంటే ఆ రబ్బరే స్వతహాగా నిదానం, అది అవుటర్ బ్లేడ్ మీద బాగా కుదురుతాది, బ్లేడ్ వేగం, రబ్బరు పట్టు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. టెనర్జీ 05 లాంటి స్ప్రింగీ రబ్బరు రెండు పక్కలా పెట్టి, కింద అవుటర్ కార్బన్ కూడా పెట్టినారంటే షార్ట్ గేమ్ కాపాడుకోవడం చాలా కష్టం, అట్లాంటోళ్ళకి ఇన్నర్ గానీ ఏడు ప్లైలు గానీ ఉండాలి. డిగ్నిక్స్ 09సీ రబ్బరు రెండిటికీ మధ్యలో, దేని మీదైనా సర్దుకుంటాది. 2014లో ప్లాస్టిక్ బాల్ వచ్చినాక స్పిన్, స్పీడ్ రెండూ కొంచెం తగ్గినాయి, అందుకే అవుటర్ మీద గట్టి రబ్బరు అనే కాంబినేషన్ పైస్థాయిలో ఇంత పాకింది. పైస్థాయి అన్నా చూడండి, వాళ్ళ రబ్బర్లు మనం షాపులో కొనే రబ్బర్లు కావు, వాళ్ళ ప్రాక్టీస్ గంటలు మనవి కావు.

బ్లేడు, రబ్బరు ఒకేసారి మార్చకండి మాత్రం. ఏది మంచిది చేసిందో, ఏది చెడగొట్టిందో తెలియకుండా పోతాది. పాత రబ్బర్లనే కొత్త బ్లేడ్ మీద అంటించి ఒక నెల ఆడండి.

బరువు సంగతి చాలామంది అసలు అడగరు, నా లెక్కలో బ్రాండ్ కన్నా ఇదే ముఖ్యం. ఫైవ్ ప్లస్ టూ బ్లేడ్లు మామూలుగా 84 నుంచి 92 గ్రాముల మధ్య వస్తాయి. డిగ్నిక్స్, హరికేన్ లాంటి బరువు రబ్బర్లు కోసినాక ఒక్కోటి 48, 50 గ్రాములు తూగుతాయి, జిగురు కలుపుకుంటే 90 గ్రాముల బ్లేడ్ మీద మొత్తం 190 దాటిపోతాది. మొదటి గేమ్‌లో తెలియదు, నాలుగో మ్యాచ్‌కి మోచెయ్యి చెప్తాది. వయసు నలభై దాటినవాళ్ళు 86, 87 గ్రాముల బ్లేడ్ అడిగి తీసుకోండి. అమ్మేవాడు బరువు చెప్పనంటే వేరే చోట కొనండి, అంతే. అదే మోడల్‌లో 84 గ్రాముల పీసుకి, 91 గ్రాముల పీసుకి ఉండే తేడా కొన్నిసార్లు రెండు వేర్వేరు మోడళ్ళ మధ్య తేడా కన్నా ఎక్కువ ఉంటాది, బరువు పీసు కొంచెం గట్టిగా, ఫాస్ట్‌గా ఉంటాది. బాల్‌ని ఉత్త బ్లేడ్ మీద తట్టి చూసినా తెలుస్తాది, సన్నగా కీచుమంటే బిర్రు, బొద్దుగా పలికితే మెత్తన.

హ్యాండిల్ ఫ్లేర్డా, అంటే కింద వెడల్పయ్యేదా, స్ట్రెయిటా అనేది పూర్తిగా చేతి అలవాటు, ఇందులో ఎవరి సలహా వినక్కర్లేదు. మన ఊళ్ళో ఒక్క మాట మాత్రం. బాల్ కదులుతాదని హాల్లో ఫ్యాన్లు ఆపేసి ఆడతాం గదా, ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకి రెండో గేమ్‌కే మణికట్టు నుంచి చెమట హ్యాండిల్ మీదకి కారిపోతాది. స్ట్రెయిట్ హ్యాండిల్ చెమట చేతిలో తిరిగిపోతాదని ఫ్లేర్డ్‌కి మారినవాళ్ళు ఉన్నారు. హ్యాండిల్‌కి పలచగా కాటన్ గ్రిప్ టేప్ చుట్టుకోవడం ఒక దారి, కాకపోతే బ్యాలెన్స్ కొంచెం చేతి వైపుకి వస్తాది.

వాతావరణం అంటే ఇంకోటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకి పడే వానలకి చెక్క తేమ పీలుస్తాది, జిగురు రబ్బర్ల మీద సన్నగా తేమ పట్టి బాల్ జారుతాది. బ్లేడ్ కొత్తగా ఉన్నప్పుడే, మొదటిసారి రబ్బరు అంటించకముందే, రెండు పక్కలా నీళ్ళతో కలిపే రకం వార్నిష్ ఒక్క పలచని పూత గుడ్డతో పూసి ఆరనివ్వండి. మందంగా పూస్తే ఫీల్ పోతాది, ఒక్క పూత చాలు. దీనివల్ల రెండు లాభాలు, తేమ తక్కువ పీలుస్తాది, రబ్బరు పీకేటప్పుడు పైచెక్క పీచు లేవదు. కోటో, లింబా రెండూ పీచు లేచే చెక్కలే. వేలల్లో పెట్టి కొన్న బ్లేడ్ మొదటి రబ్బరు మార్పిడికే చీలికలు పడితే ఎంత బాధ, రబ్బరు పీకేటప్పుడు నిదానంగా, చెక్క గీతల వెంబడి, బ్లేడ్‌కి ఆనించి ఒత్తుకుంటూ పీకండి, అడ్డంగా లాగొద్దు. ఆడటం అయిపోయినాక బ్యాట్‌ని బండి డిక్కీలో ఎండలో వదిలేసే అలవాటుంటే మానుకోండి.

కొనడం యాడ అంటే, మనకి చెన్నై దగ్గర కావడం అదృష్టం. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సెంట్రల్‌లో దిగితే పెరియమేట్ పక్కనే, స్పోర్ట్స్ షాపులు వరసగా ఉంటాయి, చేత్తో పట్టుకుని, చిన్న తూకం మీద పెట్టించి తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో అయితే కంపెనీ ఆథరైజ్డ్ డీలర్ అని తెలిసిన చోటే, బిల్లుతో. విస్కారియా అసలు రేటులో మూడోవంతుకి దొరుకుతుందంటే అది విస్కారియా కాదు. నకిలీలు బొమ్మకి బొమ్మ దింపేస్తున్నారు, హ్యాండిల్ దగ్గర పొరలు కలిసే చోట గీతలు వంకరగా ఉన్నా, పక్క నుంచి చూస్తే ఫైబర్ పొర ఒక చోట లావుగా ఒక చోట సన్నగా కనపడినా వదిలేయండి. సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్ళు రబ్బర్లు పీకించి ఉత్త బ్లేడ్ చూడకుండా డబ్బులు ఇవ్వొద్దు.

ఇంకో లెక్క చెప్తా, ఇది నాకు బాగా నమ్మకమైన లెక్క. సూపర్ జడ్‌ఎల్‌సీ ఒకటి కొనే డబ్బులతో ఏఎల్‌సీ బ్లేడ్లు దాదాపు రెండు వస్తాయి. టోర్నమెంట్లు ఆడేవాళ్ళకి ఒకే మోడల్, ఒకే బరువు, రెండు ఉండటం చాలా అవసరం. 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో అప్పటి ప్రపంచ నంబర్ వన్, చైనా ప్లేయర్ వాంగ్ చూచిన్ మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ గెలిచిన వెంటనే ఫొటోగ్రాఫర్ల తోపులాటలో ఆయన బ్యాట్ విరిగిపోయింది, మరుసటి రోజు సింగిల్స్‌లో రెండో బ్యాట్‌తో ఆడి స్వీడన్ ప్లేయర్ ట్రుల్స్ మోరెగార్డ్ చేతిలో ఓడిపోయినాడు, ఆ ట్రుల్సే ఫైనల్ దాకా పోయి సిల్వర్ తెచ్చుకున్నాడు. బ్యాట్ వల్లనే ఓడినాడని ఎవరూ తేల్చి చెప్పలేరు, కానీ ప్రపంచ నంబర్ వన్ కూడా రెండో బ్యాట్ సిద్ధంగా పెట్టుకునే తిరుగుతాడు. మనోళ్ళు ఒక్క ఖరీదైన బ్లేడ్ కొని, రెండోదానికి ఎప్పుడో ఇంటర్‌లో కొన్న పాత బ్యాట్ పెట్టుకుంటారు, నాకౌట్ మ్యాచ్‌లో రబ్బరు అంచు లేచిందంటే ఇంక దేవుడే దిక్కు.

ట్రుల్స్ అంటే గుర్తొచ్చింది, ఆయన పట్టుకునే ఆరు మూలల స్టిగా సైబర్‌షేప్ కూడా కొంతమంది అడుగుతున్నారు. రూల్ ప్రకారం బ్లేడ్ ఏ ఆకారంలోనైనా, ఏ సైజులోనైనా ఉండొచ్చు, చదునుగా, గట్టిగా ఉంటే చాలు. ఆ ఆకారం వల్ల కొట్టే చోటు కొంచెం పైకి జరిగి వెడల్పు అవుతాది, దిగువ వైపు తగ్గుతాది. మామూలు గుండ్రటి బ్లేడ్ మీద పదేళ్ళు ఆడిన చేతికి అంచులు యాడున్నాయో మళ్ళీ నేర్చుకోవాలి, రబ్బరు కోయడం కూడా చిరాకే. సరదాకైతే సరే.

ఎవరిదైనా బ్లేడ్ ఒక గంట అరువు దొరికితే ర్యాలీ ఆడి తిరిగిచ్చేయకండి, ర్యాలీలో ప్రతి ఫాస్ట్ బ్లేడూ బాగానే ఉంటాది. పార్ట్‌నర్‌ని షార్ట్ అండర్‌స్పిన్ సర్వ్‌లు వేయమని చెప్పి షార్ట్‌గా తిరిగి పెట్టి చూడండి, రెండో బౌన్స్ టేబుల్ మీద పడుతుందా లేదా. తర్వాత లాంగ్ పుష్‌లు వేయమని మీరు మూడువంతుల బలంతో మాత్రమే లూప్ చేయండి, ఫుల్ బలంతో వద్దు. చివరగా ఆయన్ని లూప్ చేయమని మీరు బ్లాక్ చేయండి, చెయ్యి కదపకుండా. మొదటి రెండూ కుదిరి మూడోదాంట్లో బాల్ పొట్టిగా పడుతుంటే ఇన్నర్ వదిలి అవుటర్‌కి పోండి. మూడోది అద్భుతంగా ఉండి మొదటిదాంట్లో బాల్ లేస్తా ఉంటే ఆ బ్లేడ్ ఇచ్చేసి రండి, ఎంత చవకగా ఇస్తామన్నా సరే.